అవ్వ సున్నం, నా బురద

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. మంచి చేయాలనుకునేవాళ్ల దగ్గర డబ్బు ఉండదు, డబ్బున్నవాళ్లకు మంచి ఎక్కడ చేయాలో తెలియదు. ఈ రెండు రకాలవాళ్లనూ ఒకచోట కలిపేస్తే మొయినాబాద్ మండలమంతా బాగుపడిపోతుందని నా లెక్క. కలిపే ఉద్యోగం నాకే దొరికింది. తీరా కలిపి చూస్తే తేలిందేమిటంటే, డబ్బున్నవాళ్లకు మంచి కంటే మంచి ఫొటో ముఖ్యం, మంచి చేసేవాళ్లకు పిల్లల కంటే ప్రపోజల్ ముఖ్యం, వీళ్ల మధ్య నిలబడి నవ్వుతూ నీళ్ల సీసాలు పంచే నాకు నా హోదా ముఖ్యం. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ అనేవారు నన్ను. (చేవెళ్లలో మా అమ్మకు ఆ మాట నోరు తిరగక, 'కలెక్టరాఫీసు పని లాంటిదే' అని వాడకట్టంతా చెప్పుకుంది. నేనూ దిద్దలేదు.)

మా సంస్థ అంటే పెద్దగా ఊహించుకోకండి. గులాబీ తోటల్లో కూలికి వెళ్లే తల్లులు తమ పిల్లలను పగటిపూట వదిలివెళ్లే ఒక గది, దాని ముందు ఒక చేతిపంపు, అంతే. దాన్ని స్థాపించినాయన జన్వాడ వైపు ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒక రిటైర్డ్ ఆఫీసరు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా 'దానికొక ప్రపోజల్ రాయమ్మా' అనేవారు కాబట్టి ఆయన్ని చాటుగా ప్రపోజల్ సారు అనేదాన్ని. ఆయన నెలకోసారి వచ్చి పిల్లలతో ఫొటో దిగి వెళ్లేవారు. పిల్లలకు వండిపెట్టి, ముక్కులు తుడిచి, నిద్రపుచ్చే పని ఒక అవ్వది. ఆ అవ్వ నన్ను నెలల తరబడి అడిగింది ఒక్కటే. గది మీద రేకులు తూట్లుపడ్డాయి. వాన వస్తే నిద్రపోతున్న పిల్లలను చాపలతో సహా ఈ మూల నుంచి ఆ మూలకు లాగాలి. ఆ రేకులు మార్పించమని అడిగేది.

నేనూ ఊరుకోలేదు. ప్రపోజల్ రాశాను. ఒక పెద్ద కంపెనీ ఏటా వానలకు ముందు ఒక శనివారం తన ఉద్యోగులను వాలంటీర్లుగా బస్సులో పంపి మా గది గోడకు రంగులు వేయించేది. ఏటా అదే గోడ. ఏటా వానకు రేకుల్లోంచి నీళ్లు కారి గోడ మరకలు పడేది, ఏటా వాళ్లు వచ్చి దానికి కొత్త రంగు పూసేవారు. పైన పటారం లోన లొటారం అన్న మాటను ఇంత శ్రద్ధగా ఆచరణలో పెట్టినవాళ్లను నేను మరెక్కడా చూడలేదు. రేకుల మాట ఎత్తితే ప్రపోజల్ సారు నన్ను జాలిగా చూసి, 'రేకులు బాగుంటే గోడ పాడవదు, గోడ పాడవకపోతే వాలంటీర్లు ఎందుకొస్తారమ్మా' అన్నారు. (ముప్పై ఏళ్లు ప్రభుత్వ సర్వీసు చేసిన బుర్ర మరి.) అయినా ఆ ఏడాది ఆయనకు తెలియకుండా గోడ ప్రపోజల్ రెండో పేజీ చివర రేకుల ఖర్చు కూడా చేర్చి పంపాను. కంపెనీలో గ్రాంట్లు చూసే కుర్రాఫీసరు ఫోన్ చేసి, ముందు గోడ పని కానివ్వండి, బిఫోర్ ఫొటో, ఆఫ్టర్ ఫొటో బాగా వస్తే మా పైవాళ్లకు చూపించి రేకుల సంగతి అడుగుతాను అన్నాడు. నేను ఆ మాటను దేవుడి వాక్కులా నమ్మి, ఫొటోల మెలిక చెప్పకుండా, రేకులు వస్తాయని మాత్రం అవ్వకు చెప్పాను.

శనివారం పొద్దున్నే చేవెళ్ల బస్సు దిగి సెంటరుకు వెళ్లేసరికి గోడ తెల్లగా మెరిసిపోతోంది. బస్సెడు మంది చుట్టాలు వస్తుంటే మరకల గోడ చూపించడం ఇంటికి పరువు తక్కువని, అవ్వ ముందురోజే సున్నం తెచ్చి, స్టూలు ఎక్కి, గోడంతా ఒంటిచేత్తో కొట్టింది. పైగా నా మొహంలోకి చూస్తూ మెచ్చుకోలు కోసం నిలబడింది. బిఫోర్ ఫొటోకు ఒక్క మరకా మిగల్లేదు. వాలంటీర్ల బస్సు గండిపేట దాటిందని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ప్రపోజల్ సారుకు ఫోన్ చేస్తే ఆయన తొణక్కుండా, 'బిఫోర్ లేకపోతే ఆఫ్టర్ ఎక్కడినుంచి వస్తుందమ్మా, ఏదో ఒకటి చేసెయ్' అని పెట్టేశారు.

ఏదో ఒకటి చేశాను. చేతిపంపు దగ్గర బురద దోసిళ్లతో తీసి, ఆ శుభకార్యానికని వేసుకొచ్చిన కొత్త చుడీదారు పాడవుతున్నా చూసుకోకుండా, అవ్వ కొట్టిన సున్నం మీదికి విసరడం మొదలుపెట్టాను. నాలుగో దోసిలికి అవ్వ బయటికి వచ్చింది. చేతిలోని గరిటెను కొంగుకు తుడుచుకుంటూ మెల్లగా అడిగింది.

"నిన్న పొద్దుందాక సున్నమేసిన బిడ్డా. చెడగొట్టుడు గూడ నౌకరేనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. గోడ మురికిగా లేకపోతే ఫొటో రాదనీ, ఫొటో రాకపోతే రేకులు రావనీ తల వంచుకునే చెప్పాను. రేకులు అన్న మాట వినగానే అవ్వ గరిటె లోపల పెట్టి వచ్చింది. నా చేతిలో బురద చూసి పెదవి విరిచింది.

"గట్ల గాదు. వాన నీళ్లు మీదికెల్లి కిందికి కారుతయి. నడుమ గొడితే ఎవలు నమ్ముతరు?"

అని, బక్కెట్లో ఎర్రమన్ను కలిపి, స్టూలు ఎక్కి, పైనుంచి సన్నగా ధార కట్టింది. అచ్చం పోయిన వానాకాలం మరకలే. తను కొట్టిన సున్నాన్ని తనే అంత నేర్పుగా పాడుచేస్తుంటే చూడలేక నేను కింది భాగం మీద పడ్డాను. ఇంతలో పిల్లలు గుంపుగా వచ్చి, ఇన్నాళ్లూ వద్దన్న పని ఈరోజు పెద్దవాళ్లే చేస్తున్నారని గ్రహించి, బురద చేతులు గోడ నిండా అద్దారు. మా సెంటరులో పిల్లలు మనస్ఫూర్తిగా పాల్గొన్న కార్యక్రమం అదొక్కటే.

బస్సు వచ్చింది. అందరూ ఒకే రకం పసుప్పచ్చ టీషర్టుల్లో దిగారు. కుర్రాఫీసరు గోడను చూసి పరవశించిపోయి, పిల్లల్ని దాని ముందు నిలబెట్టి, ఎవరూ నవ్వొద్దని చెప్పి మరీ బిఫోర్ ఫొటోలు తీశాడు. వాలంటీర్లలో గండిపేట అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక మేడం ఉన్నారు. కోస్తా నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవారు. ఆవిడ గోడ మీద వేలు పెట్టి చూసి, తడి తగిలి, పిల్లల వైపు వంగి "గోడ ఇలా ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "టీచరక్క!" అన్నారు. ఇంకా అనుమానం ఉంటుందేమోనని వేళ్లతో నన్ను చూపించారు కూడా.

కుర్రాఫీసరు గబగబా నవ్వేసి పిల్లలు భలే తమాషా చేస్తారన్నాడు. మేడం నవ్వలేదు. నా చుడీదారు మీది బురదను ఒకసారి చూసి, అవ్వ దగ్గరికి వెళ్లి "మీకు నిజంగా ఏం కావాలండీ?" అని అడిగారు. మా సెంటరుకు వచ్చిన వందల మందిలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కరే. అవ్వ పైకి చూపించి, రేకులేస్తే ఈ గోడకు ఎవ్వరూ రంగు వేయనక్కరలేదని చెప్పింది. కుర్రాఫీసరు కలగజేసుకుని, ఈ సంవత్సరం తమ థీమ్ గోడలు మాత్రమేనని, రేకులు ఫొటోలో సరిగ్గా పడవని వివరించాడు. మేడం దీని గురించి మెయిల్ పెడతానన్నారు. పెట్టే ఉంటారు. ఆ మెయిల్ ఏమైందో కనుక్కునే ఓపిక ఆ కంపెనీలో ఎవరికీ ఉండదు.

మధ్యాహ్నానికి గోడ మీద సీతాకోకచిలుకలు, ఒక భూగోళం, పిల్లలెవరికీ చదవడం రాని ఒక ఇంగ్లీషు సూక్తి వెలిశాయి. తడి బురద మీద రంగు వేస్తే ఏమవుతుందో అంతమంది ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు. వారం తిరిగేసరికి భూగోళం పెచ్చులూడి సగం ఖండాలు నేల రాలాయి. నెలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫొటోలు అద్భుతంగా ఉన్నందువల్ల, సంతోషంతో, మరో గోడకు గ్రాంటు మంజూరు చేశారట. ప్రపోజల్ సారు స్వీట్లు పంచారు. అవ్వ తన స్వీటు పిల్లల నోట్లో పెట్టి వంటలోకి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం అవ్వ కబురు పెడితే వెళ్లాను. తోటల్లో పనిచేసే తల్లిదండ్రులు పన్నెండు మంది ఉన్నారు. ఊరి చివర విప్పేసిన కోళ్ల ఫారం రేకులు అడిగి తెచ్చుకున్నారు. వాళ్లలో ఒకాయన మేస్త్రీ. ఎప్పటి అలవాటుగా నేను సంచిలోంచి వాలంటీరు ఫారాలు తీసి, పేరు, అనుభవం, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు అంటూ మొదలుపెట్టాను. ఒక తల్లి రేకు మోస్తూనే ఆగి అడిగింది.

"మా పిల్లల గదికి మేం రేకులేసుకుంటే గూడ దరఖాస్తు పెట్టాల్నా అక్కా?"

ఫారాలు మడిచి సంచిలో పెట్టేశాను. ఇంకేం చేయాలో తోచక నిచ్చెన పట్టుకున్నాను. పొద్దు వాలకముందే పని అయిపోయింది. అందరం పచ్చిపులుసు అన్నం తిన్నాం. రెండు చేతులూ నిచ్చెనకే అంటిపెట్టుకోవడంతో ఒక్క ఫొటో కూడా తీయలేదు.

రెండేళ్లకు నగరంలో ఒక పెద్ద సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లాను. మీరు వాలంటీర్లతో చేయించిన గొప్ప పని ఏమిటని అడిగారు. నేను తడుముకోకుండా పసుప్పచ్చ టీషర్టుల కథ చెప్పి, ఫోన్‌లో సీతాకోకచిలుకలు చూపించాను. ఉద్యోగం ఇచ్చారు, ఇప్పటికీ చేస్తున్నాను. ఆ సాయంత్రం చేవెళ్ల బస్సు మొయినాబాద్ చేరేసరికి జోరున వాన. అద్దంలోంచి చూస్తూ, ఈ వానకు అవ్వ పిల్లలెవరినీ మూలకు లాగదు కదా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చారు నాకు, ఇంటర్వ్యూలో నా నోట రాని ఆ పన్నెండు మంది. సిగ్గేసింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. సమాజసేవలో ఇన్నేళ్లు గడిపి నేను పనికొచ్చేలా చేసింది, ఒక పూట నిచ్చెన కదలకుండా పట్టుకోవడమే.