మూడు గంటల తెలుగు ఆట

నిన్న మనవరాలు ఫోన్ పట్టుకొని వచ్చి, వచ్చే నెల మైసూరు పోతున్నాం కదా, అక్కడి ప్యాలెస్‌కు టికెట్లు ఇప్పుడే బుక్ చేయాలా, పోయినాక చూసుకుందామా అని అడిగింది. ఇప్పుడే చెయ్యి అని అరిచినంత పని చేశాను. అంత కోపమెందుకే అమ్మమ్మా అని నవ్వింది. కోపం దాని మీద కాదు. కిటికీ కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి టికెట్ తీసుకున్న నా ఈడువాళ్లతో చెప్పుకుంటే మనసు కాస్త తేలికవుతుందేమో.

నాకు కోరుట్ల బడిలో ఉద్యోగం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. చిన్నప్పుడు మమ్మల్ని వాకిట్లో పడుకోబెట్టుకొని చుక్కల్లో పిల్లలకోడినీ గొల్లకావడినీ వేలితో చూపించిన మనిషి, ఒకనాడు మబ్బే లేని ఆకాశాన్ని చూస్తూ చుక్కలు మసకగా ఉన్నాయేమని అడిగాడు. జగిత్యాలలో కంటి డాక్టరుకు చూపిస్తే నీటికాసులన్నాడు, పోయిన చూపు తిరిగి రాదన్నాడు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. తిరుగు బస్సులో నాన్న కళ్ల ఊసే ఎత్తలేదు. పట్నంలో నక్షత్రశాల ఉందట, పట్టపగలే చుక్కలు పెద్దగా కనబడతాయట అని మాత్రం అన్నాడు. చూపుండగానే చూపిస్తానని మాటిచ్చాను.

అక్కడ తెలుగులో చెప్పే ఆట రోజుకొక్కటే, మూడు గంటలకు; ఆదివారమైతే తొందరగా నిండిపోతుంది. మా బడిలో తోటి పంతులమ్మ, తన తమ్ముడు పట్నంలోనే ఉన్నాడు, ముందే టికెట్లు తీసిపెడతాడు, తారీఖు చెప్పు చాలు అంది. అక్కడే వచ్చింది చిక్కంతా. పడుగు నూలు చుట్టిన భీము ఒకసారి సాంచాకు ఎక్కిందంటే, అది ఖాళీ అయ్యేదాకా నాన్న ఊరు దాటడు. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడితే బట్టలో తేడా వస్తుందని ఆయన పట్టుదల. కరెంటు కోతల్లో అది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరు చెప్పగలరు?

"టికెట్ కొంటే గా రోజుకు కట్టుబడాలె. భీము సగం ఇడిసిపెట్టి నేనెట్ల అస్త బిడ్డా? గాడికి పోయినంక దొరుకయా ఏంది?" అన్నాడు.

పోట్లాడాను, అన్నం తినకుండా అలిగాను కూడా. చివరకు విసుగొచ్చి, సోమవారం బడికి పోయి టికెట్లు వద్దని చెప్పేశాను.

ఆ తర్వాత ప్రతి శనివారం కోరుట్ల నుంచి బస్సు దిగగానే ముందు సాంచా దగ్గరికే పోయేదాన్ని. భీము మీద ఎంత నూలుందో చూసి, తర్వాత నాన్న కళ్లు చూసేదాన్ని. తెగిన పోగును కంటితో వెతకడం మానేసి వేళ్లతో తడిమి ముడివేస్తున్నాడు. ఒకసారి నుదుటి మీద బొప్పి కనబడింది. దర్వాజా తగిలిందని అమ్మ మెల్లగా చెప్పింది. నేను లేనప్పుడు ఒక భీము అయిపోతే, సాంచాల ఆసామి అదే రోజు ఇంకోటి ఎక్కించేశాడట! ఎవరి మీద అరవాలో తెలియక అమ్మ మీద అరిచాను. అట్లా మూడు నెలలు గడిచాక ఒక శనివారం సాయంత్రం భీము ఖాళీ అయింది. ఆదివారం తొలి బస్సుకే పట్నం పోయాం.

వరుసలో మా ముందు నలుగురే ఉన్నారు. మూడు గంటల ఆట నిండిపోయిందని కిటికీ లోపలి మనిషి చెప్పాడు. బతిమాలాను, నాన్న కళ్ల సంగతి చెప్పాను. ముందే తీసుకోవాల్సిందమ్మా అన్నాడాయన. ఆ మాటలో తప్పేముంది? మిగిలింది నాలుగు గంటల ఇంగ్లీషు ఆట ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది.

"చుక్కలకు బాస ఉంటదా బిడ్డా? నువ్వు చెప్పు, నేను చూస్త," అన్నాడు నాన్న.

చీకట్లో ఆయన చెవిలో గుసగుసగా అన్నీ చెబుతూ పోయాను. శని చుట్టూ ఉన్న వలయానికి సమయానికి మాట దొరక్క, జొన్నరొట్టె చుట్టూ గాజు పెట్టినట్టుందన్నాను. ఆఁ, ఆఁ అంటూ తలూపాడు. వెనక సీటాయన రెండుసార్లు కసిరాడు. మూడోసారి లేచి అరిచేసరికి సిగ్గేసి నోరు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆకాశం నిండా చుక్కలు రాలుతున్నట్టు చూపించారు, హాలంతా హా అంది. బయటికొచ్చాక నాన్న ముఖం వెలిగిపోతోంది. గెలిచాననుకున్నాను.

మర్నాడు కోరుట్ల బస్సెక్కేముందు సద్ది ఇవ్వడానికి సాంచాల దగ్గరికి పోయాను. కరెంటు పోయి అన్నీ ఆగి ఉన్నాయి. తోటి పనివాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని నాన్న తాను చూసిందంతా చెబుతున్నాడు. నేను మురిసిపోతూ గడప దగ్గరే ఆగాను. శని గురించి చెబుతూ, జొన్నరొట్టె చుట్టూ గాజు పెట్టినట్టుందన్నాడు. అన్నీ నా మాటలే, నేను చెప్పిన వరుసలోనే. చివరికి ఏమైందని ఒకతను అడిగాడు.

"గంతే, అయిపోయింది," అన్నాడు నాన్న.

రాలిన చుక్కల మాటే లేదు. నేను నోరు మూసుకున్న చోటే ఆయన ఆకాశం ఆగిపోయింది. సద్ది గడప మీద పెట్టి, పలకరించకుండానే వచ్చేశాను.

ఇప్పుడు వేలితో నొక్కితే సీటు నంబరుతో సహా టికెట్ వస్తుంది, పోలేకపోతే ఇంకో రోజుకు మార్చుకోవచ్చు కూడా. అప్పుడు మాకు మార్చుకోవడానికి రోజులు లేవు, ఆ సంగతి తెలిసి కూడా నేను విసుక్కొని వద్దన్నాను. ఇంకొక్క పూట పోట్లాడి ఉంటే నాన్న చూసేవాడు. ఆయన పోయేదాకా, ఆనాడు చుక్కలు కనబడ్డాయా నాన్నా అని నేను అడగలేదు.