ఎలుకల పెట్టెలో వైర్‌లెస్ కార్డు

గాజువాకలో మాది పై వాటా, కింద మా అక్క వాళ్ళు. వాళ్ళ ఇంటర్నెట్‌ను తీగ లేకుండా పైకి తెచ్చుకుందామని ఈ రోజు నా కంప్యూటర్‌లో వైర్‌లెస్ కార్డు పెట్టాను. స్క్రూ బిగించి, సీడీలోని డ్రైవర్ ఎక్కించి, పాస్‌వర్డ్ కొట్టాను. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టింది కానీ సిగ్నల్ సున్నా. రెండుసార్లు ఊడదీసి మళ్ళీ పెట్టినా అంతే.

ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు నడిపే మా బావ పైకొచ్చి చూశాడు. పోయిన వానాకాలం ఎలుకలు తీగలు కొరికేశాయని నా సీపీయూకి మందపాటి ఇనప రేకుతో పెట్టె చేసిచ్చింది ఆయనే. దాని తలుపు తీస్తే రెండు గీతలు వచ్చాయి. మూస్తే పోయాయి. బావ నమ్మలేక ఓ పదిసార్లు తీసి మూశాడు.

“షెడ్డు షట్టరు దించితే నా సెల్లు పన్చెయ్యదు బావా. ఇన్నాళ్ళూ నాను సెల్లు కంపెనీవోల్ని తిట్టుకుంతన్నాను,” అన్నాడు.

“అయితే పెట్టె తీసేద్దామా?”

“తీసేత్తే ఎలకలకేటి సెప్తావు? బెజ్జం కొడతాను. సిగ్నలు దూరాల, ఎలక దూరకూడదు. ఎంత సైజు కొట్టమంతావు?”

డ్రిల్లు పట్టుకుని జవాబు కోసం నిలబడ్డాడు. కార్డుతో వచ్చిన పుస్తకం మొత్తం తిరగేశాను, ఎలుకల ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ నాలుగు ముక్కలూ పెట్టె తలుపు తెరిచి ఉంచే రాస్తున్నాను. కొలత తెలిసినవాళ్ళు ఎలుకలు లేచేలోగా చెప్పండి.