బాబాయి సున్నపు మండపాలు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఏ కట్టడాన్నయినా కట్టకముందే అందులో కాపురం పెట్టేసేవాడు.

మా వరుస ఇళ్ళన్నిటికీ కలిపి వెనకాల ఒకటే పెరడు. అందులో ఓ మండపం ఉంటే బాగుంటుందనీ, మేస్త్రీలతో పని లేకుండా మన చేతులతో మనమే కట్టుకుందామనీ ఇళ్ళవాళ్ళ కమిటీ తీర్మానించింది. కలప వచ్చి గోడవారన పడింది. డిజైన్ ఎంచే బాధ్యత, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైన బాబాయి నెత్తిన పెట్టారు. ఇక ఆ తర్వాత మేమెవరం పెరట్లో తిన్నగా నడిచిన పాపాన పోలేదు.

బాబాయికి కాగితం మీద నమ్మకం లేదు. ప్రతి డిజైన్‌నీ అసలు కొలతల్లో సున్నంతో నేల మీద గీసేవాడు. గాల్లో వేలు తిప్పి పైకప్పు వేసేవాడు. ఆ క్షణం నుంచి అక్కడ మండపం ఉన్నట్టే అందరూ మసలుకోవాలి. పిన్ని తడిబట్టల బకెట్టుతో అటు వెళ్ళిందంటే కేక పడేది.

"స్తంభంలోంచి నడిచావే."

"ఏ స్తంభం?"

"ఇప్పుడు గుద్దుకున్నావే, అది."

"నాకేం నొప్పి పుట్టలేదండీ."

"నీకెందుకు పుడుతుంది, దానికి పుడుతుంది."

ఓసారి కమిటీ సెక్రటరీ పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. "వంగండి, చూరు తగులుతుంది" అన్నాడు బాబాయి. ఆయన వంగి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎండ మాడ్చేస్తోందండీ."

"పెంకు ఇంకా నేయలేదు. కాస్త ఓర్చుకోండి."

వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వంగి వెళ్ళాడు. పిన్ని వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఇంత చేసీ ఏ డిజైనూ ఖాయం కాదు. గుండ్రటిది వద్దన్నాడు. "మూలలు లేకపోతే అలిగినవాళ్ళు ఎక్కడికి పోతారే అమ్మాయ్?" నలుచదరమూ వద్దన్నాడు. "నాలుగే మూలలు. మనవాళ్ళలో అలిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ." అప్పట్లో కాలేజీలో చదువుతున్న నేను, ఇల్లు చేరగానే పుస్తకాలు పడేసి ఆ పూట మండపం ఏ ఆకారంలో ఉందో చూసుకుని మరీ పెరట్లో కాలు పెట్టేదాన్ని.

డిజైన్ ఏదైనా ముందు తయారయ్యేది బెంచీ. అది మాత్రం సున్నంతో కాదు, నిజం చెక్కలతో. దాని మీద నీడ కొలవడానికని ఓ టార్పాలిన్ కూడా కట్టాడు. కానీ మమ్మల్ని కూర్చోనిచ్చేవాడు కాదు. "రోజంతా కూర్చునే ఉంటారు. బెంచీ గురించి మీకేం తెలుస్తుంది?"

మా పెరటి గోడ అవతల వీధిలో ఓ లాండ్రీ ఉండేది. అందులో ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ నిలబడే ఉండాలి. ఆ గదిలో ఒక్క స్టూలు ఉండేది కాదు. కూర్చుంటే బద్ధకం వస్తుందని యజమాని సిద్ధాంతం. ఆయన మాత్రం ఆ సిద్ధాంతాన్ని మెత్తటి కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. మనుషుల కాళ్ళు వాచేదాకా నిలబెట్టి దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మధ్యాహ్నం వాళ్ళు వీధిలో గోడకి ఆనుకుని, ఎండలో, నిలబడే తినేవాళ్ళు.

బాబాయి వెనక గేటు తీసి పిలిచాడు.

"అమ్మా, ఈ బెంచీ ఎత్తు సరిపోయిందో లేదో కాస్త కూర్చుని చెప్పండి."

వాళ్ళలో పెద్దావిడ మొహమాటపడింది. "మీ పెరట్లో మాకేం పని బాబుగారూ?"

"పనే ఉంది. మీరు చెప్పకపోతే నా డిజైన్ ముందుకు కదలదు."

కూర్చున్నారు. క్యారియర్లు తెరిచారు. ఎత్తు ఎక్కువైందన్నారు. మర్నాడు తగ్గించాడు. వెడల్పు చాలదన్నారు. పెంచాడు. ఓ మధ్యాహ్నం పెద్దావిడ, "ఇవాళ అన్నీ సరిపోయాయండీ" అనేసింది. బాబాయి మొహం మాడిపోయింది.

"సరిగ్గా చూడమ్మా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇటూ అటూ కదిలింది. "ఆఁ, ఎడమ పక్క ఏదో తేడాగానే ఉందండీ."

"అదీ సంగతి. రేపు మళ్ళీ చూద్దాం."

ఇది సెక్రటరీ కంటపడింది. మీటింగులో తేల్చి చెప్పాడు. "నెలాఖరుకి మండపం లేవకపోతే కలప అమ్మేస్తాం. లేచాక వెనక గేటుకి తాళం. బయటివాళ్ళు అలవాటు పడుతున్నారు."

ఇంటికొచ్చాక పిన్ని విసుక్కుంది. "ఏదో ఒకటి తేల్చి పారేయకూడదూ?"

"తేల్చేస్తే వాళ్ళెక్కడ కూర్చుంటారే?"

పిన్ని బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. సున్నపు స్తంభం దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి వెళ్ళింది.

బాబాయి మర్నాడే డిజైన్ ఖాయం చేశాడు. అందరం అరచేతులు బొబ్బలెక్కేలా పనిచేశాం. నెలాఖరుకి మండపం లేచింది. పెంకు కప్పు, పొడుగాటి బెంచీ, చుట్టూ గోడలు లేవు, తలుపు లేదు. సెక్రటరీ కొత్త తాళంతో వెనక గేటు దగ్గరికి వెళ్ళాడు. గేటు లోపలికి బార్లా తెరుచుకుని ఉంది. మూద్దామంటే దాని రెక్కకి ముందు మండపం స్తంభం అడ్డంగా నిలబడి ఉంది. లాగాడు, తోశాడు. అది మూసుకునే గేటు కాదు.

"ఇంత సర్వీసు చేసిన మనిషి, గేటు సంగతే మరిచిపోయారా?"

"పొరపాటైపోయింది," అన్నాడు బాబాయి ఎంతో వినయంగా. "దీన్ని విప్పేద్దాం. కొలతలన్నీ మొదటి నుంచీ తీసుకుని ఇంకో డిజైన్ గీస్తాను. సున్నం తెప్పించండి."

సెక్రటరీ ఆయన వంక చూశాడు, మండపం వంక చూశాడు, బొబ్బలెక్కిన తన అరచేతులు చూసుకున్నాడు.

"వద్దండీ. ఇదే దివ్యంగా ఉంది" అని తాళం జేబులో వేసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

వీధిలోంచి క్యారియర్ల చప్పుడు దగ్గరికొస్తోంది. బాబాయి బెంచీ మీద ఓ పక్కకి జరిగి కూర్చున్నాడు.