పచ్చచుక్క

మా మేనల్లుడు పోయిన మంగళవారం మధ్యాహ్నం మా ఇంట్లోనే చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లవాడు. గుండె ఆగిపోయిందన్నారు. ఆదివారం ప్రార్థనకు మందిరానికి వచ్చే మీకు, వెనక వరసలో ఫోను చేత్తో పట్టుకుని కూర్చునే పొడుగాటి అబ్బాయిగా తెలుసు. ఆ ఫోను చూసి విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆదివారం కూడా ఆఫీసువాళ్లు పిలుస్తారని వాళ్లకేం తెలుసు! మన స్త్రీల కూడికకు పాటలన్నీ పెద్ద అక్షరాల్లో ఫోనులో పెట్టిచ్చింది వాడే.

ఐ.పోలవరంలో మా అన్నయ్య ఇంట్లో నెట్ సరిగా రాదని, అమలాపురంలో మా వెనకగదిలో ఉండి కంప్యూటరు ఉద్యోగం చేసేవాడు. పైవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో ‘ఆయ్’ అనేసి నాలిక కరుచుకునేవాడు.

తెరమీద వాడి పేరు పక్కన ఒక పచ్చచుక్క ఉండేది. కాసేపు కంప్యూటరు ముట్టుకోకపోతే అది పసుపు రంగుకు మారుతుంది. మారితే ఎక్కడికెళ్లావని అడుగుతారు. అందుకని అన్నం తినాలంటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

“అత్తా, ఈ మౌసు అటూ ఇటూ కదుపుతా ఉండు. ఏదీ నొక్కెయ్యకు.”

“నొక్కితే ఏమవుద్దిరా?”

“నా ఉద్యోగం నీకిచ్చేత్తారు” అని నవ్వేవాడు.

వంటింట్లో నిలబడే తినేవాడు. చేపల పులుసంటే ప్రాణం, ముళ్లు ఏరుకునే తీరిక లేక అదీ మానేశాడు. నేను మౌసు కదుపుతూ వాడికోసం ప్రార్థన చేసుకునేదాన్ని. పదో తరగతి చదివిన నాకు చేతనైన సాయం అదే.

ఈమధ్య వాళ్ల టీములో కొందరిని తీసేశాక, వాళ్ల పనీ వీడిమీదే పడింది. చెయ్యి లాగుతోందనేవాడు.

“డాక్టరుగారికి చూపిద్దాం పదరా.”

“ఈ పని అయిపోనీ అత్తా.”

“ఎప్పుడవుద్ది?”

“ఇది అయ్యేసరికి ఇంకోటి వచ్చేత్తది” అన్నాడు. “కూర్చునే పనే కదా అంటారందరూ. లేవడానికి లేదు, అదీ కష్టం.”

మంగళవారం అన్నం వద్దన్నాడు. “కాసేపు పడుకుంటానత్తా, కదుపుతా ఉంటావా?”

“పడుకో నాన్నా” అన్నాను.

నా వెనక మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎన్నాళ్లకో పగటిపూట కాస్త కన్నుమూశాడు కదా అని నా ప్రాణం కుదుటపడింది. లేపబుద్ధి కాలేదు. చుక్క పసుపు కాకుండా చూసుకుంటూ, దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను. చివరికి కాఫీ ఇద్దామని లేచి భుజం తట్టాను. చల్లగా ఉన్నాడు.

ఆసుపత్రిలో, పోయి చాలాసేపైందన్నారు.

సాయంత్రం వాడి ఆఫీసు నుంచి ఒకబ్బాయి ఫోను చేస్తే సంగతి చెప్పాను. నమ్మలేకపోయాడు. “అదేంటండీ, మధ్యాహ్నమంతా ఆన్‌లైన్‌లోనే ఉన్నారు కదా!” అన్నాడు.

ఇప్పుడు ప్రార్థనకు మోకరిస్తే, నా కుడిచెయ్యి మంచంపట్టె మీద దానంతటదే అటూ ఇటూ కదులుతోంది. ఆపడానికి భయంగా ఉంది.