గోడ మీదికి రానన్న అత్త

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, సినిమాను డబ్బాలో పెట్టి అమ్మే కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో నేను బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరి, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని సెలవులకు మా ఊరు చిక్కబళ్ళాపురంలో బస్సు దిగేవాణ్ణి. (ఆదివారం కూడా తీసేవాణ్ణి కాదు. ఎందుకని మా అమ్మ అడిగితే రూలు అనేవాణ్ణి.) కంప్యూటరుకు సంబంధించి నాకు తెలియని సంగతి లేదని చుట్టాలందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళకంటే నాకే కాస్త ఎక్కువ.

మా మేనమామది చింతామణి అవతల ఒక పల్లె. పట్టుపురుగులు సాకేవాడు. అత్త పుట్టిల్లు బాగేపల్లి పక్కన. ఆమెకు పెళ్ళి కాకముందు ఆ ఊళ్ళో ఒక కన్నడ సినిమా షూటింగు జరిగిందట. జాతర పాటకు జనం కావాలని ఊరి ఆడపిల్లలందరినీ నిలబెట్టారట. ముందు వరసలో మా అత్త, చేతిలో బొరుగుల పొట్లం. ఆ సినిమా ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో మా వైపు ఎవరికీ తెలియదు. అత్త కూడా చూడలేదు, ఆమెకు పేరొక్కటే గుర్తు. అయినా కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ ముచ్చట చెబుతూనే ఉంది, మామ ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. పప్పులో ఉప్పు తగ్గితే, హీరోయినమ్మకు ఉప్పేసేదానికి వేరే మనిషి రావల్ల అనేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను 'సినిమా అక్క' అని ముందు పిలిచి వెనక నవ్వేవాళ్ళు. అత్త కూడా నవ్వేసేది. ఒక్కసారి మాత్రం నాకు అన్నం పెడుతూ, "నేను అబద్ధాలు చెప్పేదాని మాదిరి అగుపడతాండానా నాయనా?" అని అడిగింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

అందుకే బెంగళూరులో ఒక దుకాణంలో ఆ సినిమా డీవీడీ కనబడగానే ఎగిరి గంతేశాను. ఒరిజినల్! పైన మెరిసే బిళ్ళ అంటించి ఉంది. డూప్లికేటు సీడీలు కొనేవాళ్ళకు నీతులు చెప్పడం అప్పట్లో నాకొక వ్యసనం. గదికి వచ్చి ల్యాప్‌టాప్‌లో వేస్తే బొమ్మ అద్దంలా ఉంది. జాతర పాట దాకా పోకుండా ఆపేశాను, అందరితో కలిసి చూద్దామని. అత్తకు ఫోన్ చేసి, గోడంత అత్తను గోడ మీదే చూపిస్తానని మాటిచ్చాను. నేను ఫోన్ పెట్టేలోపలే ఆమె ఊరందరినీ పిలిచేసింది. ఊళ్ళో ఉన్నవన్నీ పాత సీడీ ప్లేయర్లు, వాటికి డీవీడీ అరగదు. ఏం ఫర్వాలేదు, చింతామణిలో పెళ్ళి వీడియోలు తీసే స్నేహితుడి దగ్గర ప్రొజెక్టరు అడిగి తెచ్చాను.

ప్రదర్శన పురుగుల షెడ్డులో. పంట దిగి పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయాయి, షెడ్డు ఖాళీ. గోడలకు కొత్తగా సున్నం కొట్టారు, కిటికీలకు గోనెపట్టాలు కట్టారు, కనుక మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. పురుగుకు రోగం రాకుండా చల్లిన బ్లీచింగు పౌడరు ఘాటుకు అందరి కళ్ళల్లో నీళ్ళు, సినిమా మొదలు కాకముందే. అత్త పట్టుచీర కట్టుకుని ముందు కూర్చుంది. మామ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పురుగుల తట్టలు పెట్టే స్టాండు మీద ప్రొజెక్టరు, పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, గొంతు సవరించుకుని మీట నొక్కాను.

పాట వినబడింది. గోడ మీద నల్లటి చదరం. ల్యాప్‌టాప్‌లో హీరో చెట్ల చుట్టూ తిరుగుతున్నాడు, గోడ మీద వాడి పాట మాత్రమే తిరుగుతోంది. వైరు పీకాను, పెట్టాను. ఆపాను, వేశాను. ఈసారి ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది: ఈ డిస్కుకు కాపీ రక్షణ ఉంది, బయటి తెర మీద చూపడానికి వీల్లేదు అని.

ఇంతలో మామ కారణం కనిపెట్టేశాడు. పురుగుల షెడ్డులోకి కాళ్ళు కడుక్కోకుండా వస్తే పురుగుకు రోగం తగులుతుంది. ఇప్పుడు మిషనుకూ అదే తగిలిందట. ఊరందరినీ బయటికి తోలి, తొట్టిలో మందు నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడిగించి మళ్ళీ లోపలికి వదిలాడు. (నేనూ కడుక్కున్నాను. ఇంజనీరింగు చదివినవాణ్ణి!) మళ్ళీ నొక్కాను. మళ్ళీ నలుపే. ఇక దాచలేక సంగతి చెప్పేశాను: ఎవరూ దొంగ కాపీ తీయకుండా కంపెనీవాళ్ళు తాళం వేశారు, ఈ చిన్న తెర మీద చూడొచ్చు గాని ఆ గోడ మీద చూడకూడదు.

"నువ్వు దుడ్డిచ్చి కొంటివా, కొట్టుకొస్తివా?" అన్నాడు రేడియో తాత. (చెవి దగ్గర ఎప్పుడూ ట్రాన్సిస్టరు ఉండే పెద్దమనిషి.) కొన్నానన్నాను. దానికాయన, "సంతలో ఆవును కొంటిమి. మీ దొడ్లోనే పిండుకోవల్ల, పక్క దొడ్లో కట్టేస్తే పాలియ్యదు అనినట్ల ఉండాదే ఇది" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. డూప్లికేటు తెచ్చుంటే సుఖంగా ఆడేది కదా అని ఎవరో అన్నారు. నా నీతులన్నీ ఆ బ్లీచింగు నీళ్ళలో కలిశాయి. మామ మాత్రం, అబద్ధం చూపించేదానికి మిషనుకు గూడా సిగ్గయితాంది అన్నాడు. అత్త చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కిందికి చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తట్టింది. బొమ్మ గోడకు రాకపోతే ఊరే ల్యాప్‌టాప్ దగ్గరికి రావాలి. ఆనాటి ల్యాప్‌టాపుల్లో ఎదురుగా నిలబడితేనే బొమ్మ, కాస్త పక్కకు జరిగితే అంతా మసి. అందుకని వరస కట్టించాను. జాతర పాట దగ్గర పెట్టి, ఒక్కొక్కరికీ ఆ కాస్త ముక్కా వెనక్కి తిప్పి వేయడం నా పని. తిరపతి కొండ మీద కూడా అంత తోపులాట ఉండదు. మొదట చూసింది రేడియో తాత. వంగి చూశాడు, ట్రాన్సిస్టరు ఆపేశాడు. "మన సినిమా అక్కే" అని తీర్పు చెప్పాడు.

నిజంగానే అత్త. రెండు జడలు, నోటినిండా బొరుగులు, కెమెరా వైపే చూస్తూ విరగబడి నవ్వుతోంది. చూసిన ప్రతివాళ్ళూ కేక పెట్టి మళ్ళీ వరస చివరికి పరుగు. పాట ఊరందరికీ నోటికొచ్చేసింది. కొందరు చిందులేయడం మొదలుపెట్టారు. అత్త వంతు వచ్చింది. తన మొహం కాదు, ముందు రవిక చూసుకుంది. "అయ్యో, ఇది మా అక్క రైక! అడక్కుండా ఏసుకోని పోయింటి" అని నోరు మూసుకుంది.

అందరి తర్వాత మామ వచ్చాడు. చూశాడు. ఇంకొక తూరి వేయమన్నాడు. వేశాను. మళ్ళీ అన్నాడు. చివరికి, బొమ్మను అక్కడే నిలబెట్టేదానికి అయితాదా అని మెల్లగా అడిగాడు. నిలబెట్టాను. అత్త వెనకే నిలబడి, ఇప్పుడు చెప్పు నాది అబద్ధమా అంది. మామ ఆ తెర మీది నుంచి కళ్ళు తీయలేదు.

"మా ఇంటికొచ్చినాక నువ్విట్ల నవ్వింది నేనొగ దినం గూడా చూళ్ళేదే" అన్నాడు.

"నువ్వు యానాడు చూస్తివి?" అని అత్త పకపకా నవ్వింది. మామ ల్యాప్‌టాప్ వైపు చూడాలో ఆమె వైపు చూడాలో తెలియక, అటూ ఇటూ తల తిప్పుతూ ఉండిపోయాడు.

ఆ సినిమా ఇప్పుడు ఫోనులోనే దొరుకుతోంది, ఏ తెర మీద వేసినా ఆడుతోంది. మొన్న పెద్ద టీవీలో చూస్తుంటే ఆనాటి నేను, ఆ మెడలో కార్డు కుర్రాడు, గుర్తొచ్చి నవ్వొచ్చింది. గోడ మీద బొమ్మ రాలేదని, మాట పోయిందని, తిరుగు బస్సులో దారిపొడుగునా కుమిలిపోయాడు పాపం. గోడ మీద వచ్చి ఉంటే మామ తలుపు దగ్గరి నుంచే ఒక్కసారి చూసి, గొడ్లకు మేత వేయడానికి వెళ్ళిపోయేవాడు. అంత దగ్గరికి వచ్చి, వంగి, అత్త మొహం చూసేవాడు కాదు. ఆ సంగతి ఆ కుర్రాడికి తట్టలేదు.