గుద్దిన ఆటోలోనే కోర్టుకు

మా అత్తమ్మకూ నాకూ ఒకటే జబ్బు. ఏడవాల్సిన చోట నవ్వొస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. అది బయటపడింది మిర్యాలగూడలో, రోడ్డు వారన ఆరబోసిన వడ్ల మీద.

ఆ రోజు మిర్యాలగూడలో ఆమె చెల్లెలి ఇంట్లో పుట్టువెంట్రుకల దావత్. చివ్వెంల నుంచి నా స్కూటీ మీదే పోయాం. తిరిగి వస్తుంటే రైసుమిల్లుల దగ్గర, మా ముందు పోతున్న ఆటో వెనక్కి చూడకుండా గిర్రున తిరిగి మా బండిని గుద్దింది. నేను ఎగిరి వడ్లలో పడ్డాను. అత్తమ్మ కాలు బండి కింద పడింది. భయంతో పాక్కుంటూ ఆమె దగ్గరికి పోతే, నా మొహం చూసి కిసుక్కున నవ్వింది.

"ఓ పిల్లా, నీ నెత్తి నిండ వడ్లేనే! జరన్ని నీళ్లు పోస్తే మొలకలొస్తయ్."

"అత్తమ్మా, నీ కాలు..."

"ఇరిగినట్టుంది. సూడు, ఎటో తిరిగింది," అంది, మళ్లీ నవ్వింది. నాకూ ఆగలేదు. చుట్టూ చేరిన జనం మా ఇద్దరికీ తలకే దెబ్బ తగిలిందనుకున్నారు.

ఏడ్చింది ఆటో డ్రైవరొక్కడే. కోదాడ మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. పెళ్లివాళ్లను దింపి తిరిగి పోతున్నాడట. "తప్పు నాదేనండీ, చూసుకోలేదండీ" అంటూ అత్తమ్మను ఎత్తుకుని తన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాడు. దారిపొడవునా అత్తమ్మే అతన్ని ఓదార్చింది. "ఊకో బిడ్డా. కండ్లు తుడ్సుకొని ముందుకు సూడు, మళ్ల ఎవల్నన్న గుద్దుతవ్."

కాల్లో రాడ్డు వేశారు. చివ్వెంల బస్టాప్ దగ్గర ఆమెకు మిర్చిబజ్జీల బండి ఉంది. పొద్దంతా మూకుడు ముందు నిలబడే పని. అది మూతపడింది. సూర్యాపేటలో ఒక లాయరమ్మను కలిస్తే నష్టపరిహారం కోసం కేసు వేద్దామన్నారు. అత్తమ్మ మొండికేసింది.

"గా పిలగాని మీద కేసా? ఆడే కిస్తీలు కట్టలేక సస్తుండు. నేనెయ్య."

ఈ కబురు ఎట్లా చేరిందో గానీ, మర్నాడే డ్రైవరు సంచీ నిండా సపోటాలతో వచ్చేశాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మొహమాటపడకండి. నా మీద కేసు వెయ్యండి."

"పోరా, నువ్వు యాడికెల్లి తెచ్చిస్తవ్?"

"ఇచ్చేది నేను కాదండీ, ఇన్సూరెన్సు కంపెనీ. ఏటా కడుతూనే ఉన్నాను. లైసెన్సు ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు పనికిరాకపోతే ఇంకెందుకండీ అది? వేసెయ్యండి పెద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను!"

తన మీద కేసు వెయ్యమని ఇంతగా బతిమాలిన మనిషిని నేనెక్కడా చూడలేదు. వంటింట్లోకి పరుగెత్తి చెంగు నోట్లో కుక్కుకున్నాను. బయట మంచం కిర్రుకిర్రుమంటోంది. అత్తమ్మ కూడా నవ్వాపుకుంటోందని అర్థమైంది.

కేసు వేశాం. సూర్యాపేట కోర్టులో మొదటి వాయిదా రోజు పొద్దున్నే ఇంటి ముందు హారన్. చూస్తే అదే ఆటో.

"నేనూ అక్కడికే కదండీ పోయేది. కోదాడ నుంచి వస్తుంటే దారిలోనే మీ ఊరు. ఆ కాలితో పెద్దమ్మ బస్సెట్లా ఎక్కుతారు?" అన్నాడు.

అత్తమ్మ వెనక సీటంతా ఆక్రమించి కాలు చాపుకుంది. నేను మిగిలిన మూలలో ముడుచుకున్నాను. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ అదే తీరు. మేము పులిహోర కట్టుకునేవాళ్లం, అతని భార్య గోంగూర పచ్చడి పంపేది. జడ్జిగారు సెలవులో ఉన్నారని తెలిస్తే మిగతా వాళ్లంతా ఉసూరుమనేవాళ్లు. మేము మాత్రం ఇంకోసారి రావచ్చని సంబరపడేవాళ్లం.

ఒకరోజు కోర్టు గేటు దగ్గర లాయరమ్మ మమ్మల్ని చూశారు.

"ఎవరిదీ ఆటో?"

"మమ్మల్ని గుద్దినాయనదే మేడం," అన్నాను.

ఆమె ఫైలుతో నుదురు కొట్టుకున్నారు. "ఆయన మనకు ఎదుటి పార్టీ అమ్మా! కంపెనీ వకీలు సాబ్ సూసిండంటే మన కేసు ఖతం!"

ఆ వకీలు చూడనే చూశాడు. అత్తమ్మ బోనులో నిలబడిన రోజు ఆయన మొట్టమొదటి ప్రశ్న అదే. నా సాక్ష్యం అంతకుముందే అయిపోయింది కాబట్టి నన్ను లోపల కూర్చోనిచ్చారు. కూర్చోనివ్వకపోతేనే బాగుండేది.

"ఇయ్యాల కోర్టుకు ఎట్ల వచ్చిన్రు?"

"ఆటోల వచ్చిన సారూ."

"ఎవరి ఆటో?"

"నన్ను గుద్దిన ఆటోనే."

మా లాయరమ్మ కళ్లు మూసుకున్నారు. వకీలు గొంతు సవరించుకున్నాడు.

"అంటే మీరూ ఆ డ్రైవరూ కుమ్మక్కయి, కంపెనీ మీద దొంగ కేసు వేసిన్రు. అవునా?"

అత్తమ్మ చేతికర్రను బోనుకు ఆనించింది.

"కుమ్మక్కయితే నా కాలెందుకు ఇరగ్గొట్టుకుంట సారూ? ఇంట్ల పాత కుర్చీ ఉండె, దాని కాలు ఇరగ్గొడుదుము. గుద్దినోడు తీస్కరాక ఇంకెవలు తీస్కొస్తరు? ఆన్ని వద్దంటరా, సరే. మీకు కారుంది కదా, పై వాయిదాకు మీరొచ్చి తోల్కపోన్రి. పులిహోర మీగ్గూడ కడత!"

జడ్జిగారు ఫైలు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఫైలు అదురుతోంది. నేను పెదవి కొరుక్కున్నాను, తొడ గిల్లుకున్నాను, పోయినవాళ్లందరినీ తలుచుకున్నాను. లాభం లేకపోయింది. ముక్కులోంచి గుర్రుమని ఒక వింత చప్పుడు వచ్చింది. బంట్రోతు వచ్చి నన్ను బయటికి పంపించాడు.

వరండాలో గోడకు ఆనుకుని, చెంగులో మొహం దాచుకుని ఊగిపోతున్నాను. డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? పోయిందా? కేసు పోయిందా?"

జవాబు చెబుదామంటే గొంతులోంచి మాట రాదు. నేను ఏడుస్తున్నాననుకుని అతను భోరుమన్నాడు. అతన్ని చూసి నాకు నవ్వు ఇంకా ఎక్కువైంది. కాసేపటికి కర్ర పట్టుకుని బయటికొచ్చిన అత్తమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "మీకేమొచ్చె?" అంది.

ఆ తర్వాతి వాయిదాకు డాక్టరు వచ్చి ఎక్స్‌రేలు చూపించి, కాలు ఎట్లా విరిగిందో చెప్పాడు. పోలీసులు పెట్టిన కేసులో డ్రైవరు అంతకుముందే మిర్యాలగూడ కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేశాడు. తీర్పు రోజున జడ్జిగారు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: ప్రమాదం నిజం, దెబ్బ నిజం, గుద్దినవాడు తోడుగా రావడం మోసానికి సాక్ష్యం కాదు. కంపెనీ పరిహారం కట్టాలి. అత్తమ్మ బోను వైపు, జడ్జిగారి బల్ల వైపు, చివరికి కంపెనీ వకీలు వైపు కూడా తిరిగి దండాలు పెట్టింది. ఆయనా పాపం తిరిగి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం ఆటో చివ్వెంల దగ్గర ఆగలేదు. "ఇవాళ మా ఇంటికి రావాల్సిందే, కోడి కోయించాను" అని డ్రైవరు తిన్నగా కోదాడ తీసుకుపోయాడు. ఊళ్లోకి తిరగగానే ఒక పెళ్లి బరాత్ అడ్డం వచ్చింది. డీజే మోతకు ఆటో రేకులు కూడా దడదడలాడుతున్నాయి. ఆటో ఆగింది. అత్తమ్మ నెమ్మదిగా కాలు కింద పెట్టింది.

"అత్తమ్మా, ఏంది? వద్దు!"

"కోర్టు కాలిరిగిందన్నది గని, ఎగురొద్దనలే!"

కర్ర మీద ఒరిగి, నడుము ఊపుతూ, ఖాళీ చెయ్యి గాల్లో తిప్పింది. రాడ్డు వేసిన కాలు మాత్రం జాగ్రత్తగా ఒక్కచోటే ఉంచింది. పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఆమెను తమ బంధువే అనుకుని చుట్టూ చేరారు. ఎవరో ఆమె మెడలో పూలదండ వేశారు. ఆమెను పట్టుకుని ఆపుదామని నేను దిగాను. దిగినదాన్ని ఆమెను ఆపకుండా నేనూ ఎగరడం మొదలుపెట్టాను. డ్రైవరు ఆటోను రోడ్డు పక్కకు పెట్టి, తాళంచెవి తీసి, మాతో చేరాడు.