తెలుగులో రాసిన ఆత్మలు

మొన్న శనివారం మా ఇంట్లో ఆత్మలు తెలుగులో రాశాయి. నవ్వకండి! ఎర్ర జెల్ పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాయి. అంతా నా నిర్వాకమే. టీ పోసుకోండి, చెప్తాను.

అమెరికాలో మేముండే ఊరు నోవైలో మా పక్కింట్లో డొరతీ అని ఒక పెద్దావిడ ఉంటుంది. ఒంటరి మనిషి. మంచు పడితే మా ఆయన ఆవిడ డ్రైవ్‌వే కూడా క్లీన్ చేస్తాడు, ఆవిడ బనానా బ్రెడ్ పంపిస్తుంది. అదీ పరిచయం. పోయిన వారం సిల్కు గుడ్డలో చుట్టిన ఒక పాత పుస్తకం పట్టుకొచ్చింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ అమ్మది. విక్టోరియా రాణి రోజుల్లో ఆవిడ ఇంగ్లండ్‌లో పెన్సిల్ పట్టుకుని కళ్ళు మూసుకుంటే చేయి దానంతట అదే రాసేదట. రాయించేది ఆత్మలని వాళ్ళ నమ్మకం. ఏవో కొన్ని కాపీలు అచ్చు వేయించారు. వాళ్ళకది బైబిల్ లాంటిది, ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఈ కాపీ వెనకాల మాత్రం ఖాళీ కాగితాలు కలిపి కుట్టించారు. ఎందుకంటే, మిగతాది తర్వాత చెప్తామని ఆత్మలు మధ్యలో ఆగిపోయాయట!

"దీన్ని స్కాన్ చేసి పెట్టగలవా?" అంది డొరతీ.

"అదెంత పని, ఫోన్‌లో అయిపోతుంది" అన్నాను. మన బిల్డప్ మనది.

శుక్రవారం పొద్దున ఆఫీస్‌కి లేటయి, కారు మీద మంచు గీకుతున్నాను. మా అత్తయ్య తలుపు కొంచెం తీసి, "అమ్మాయ్, నా రామకోటి పుస్తకం నిండిపోయింది. ఇంకోటి ఉందా?" అంది. రాజమండ్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వంటయ్యాక కూర్చుని శ్రీరామ, శ్రీరామ అని రాసుకోవడం ఆవిడ అలవాటు.

"టేబుల్ మీద పెట్టాను అత్తయ్యా, తీసుకోండి!" అని అరిచి వెళ్ళిపోయాను. నేను కొన్న నోట్‌బుక్ కారు ట్రంక్‌లోనే ఉంది. టేబుల్ మీద ఉన్నది డొరతీ పుస్తకం.

శనివారం డొరతీ వచ్చింది. నేనింకా ఒక్క పేజీ కూడా స్కాన్ చేయలేదు. ఆవిడ సోఫాలో కూర్చుని గుడ్డ విప్పి, అలవాటైన చేత్తో తిన్నగా చివరి కాగితాలే తెరిచింది. అలాగే ఉండిపోయింది. ఏమిటా అని వంగి చూశాను. నాలుగు మూలలా పసుపు! మధ్యలో వరసకి వరస శ్రీరామ, శ్రీరామ!

డొరతీ ఆ అక్షరాల మీదకి వంగింది. "వచ్చింది" అంది. "ఇన్నాళ్ళకి వచ్చింది."

చిన్నప్పుడు ప్రతి ఆదివారం వాళ్ళమ్మ ఆవిడ చేతికి పెన్సిల్ ఇచ్చి ఈ పుస్తకం ముందు కూర్చోబెట్టేదట. పెన్సిల్ ఎప్పుడూ కదల్లేదు. "నాకు నమ్మకం చాలకే రావట్లేదని మా అమ్మ అనుకునేది. అలా అనుకుంటూనే పోయింది" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఊరుకుంటే ఎవరికి నష్టం? ఈవిడ జీవితాంతం మోసిన బరువు దిగిపోతుంది, నా తప్పూ బయటపడదు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కాఫీ పట్టుకుని అత్తయ్య వచ్చింది.

"అదిగో నా పుస్తకం! ఈవిడ చేతిలో ఉందేమిటే?"

"ఏమంటోంది?" అని అడిగింది డొరతీ.

"కాఫీలో షుగర్ ఎంత వేయమంటారని" అన్నాను.

డొరతీ అత్తయ్యని చూసి ఎంతో ప్రేమగా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది. ఇంతకాలం ఒక్క మాట కోసం ఎదురుచూసిన మనిషికి నా అబద్ధాన్ని అంటగడతానా? మొత్తం చెప్పేశాను. ఇటు తిరిగి అత్తయ్యకీ చెప్పాను.

"అయ్యయ్యో, ఆవిడదా! గుడ్డలో చుట్టి, వెనకాల ఖాళీ కాగితాలు కూడా ఉంటే దేవుడి దగ్గరకి తెచ్చావనుకున్నానే!" అత్తయ్య కాఫీ కప్పు కింద పెట్టేసి డొరతీ రెండు చేతులూ పట్టుకుంది. "సారీ అమ్మా, సారీ."

డొరతీ ఆ పేజీని మెల్లగా వేలితో నిమిరింది. ఇక మాకు బనానా బ్రెడ్ లేనట్టే అనుకున్నాను.

"రాసేటప్పుడు ఈవిడ ఏం ఆలోచిస్తుంది?" అని అడిగింది చివరికి.

అత్తయ్య కాస్త తటపటాయించి, "మొదట్లో కూరలో ఉప్పేశానా లేదా అనే ఉంటుంది. కాసేపయ్యాక ఏమీ ఉండదు. చేయి దానంతట అదే పోతుంది. నేనక్కడ ఉండను" అంది.

ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. డొరతీ కళ్ళల్లో నీళ్ళతోనే పకపకా నవ్వింది. "ఉప్పు! మా అమ్మ నన్ను బిగుసుకుని కూర్చోమనేది. ఉప్పు గురించి ఆలోచించొచ్చని ఎవరూ చెప్పలేదు!" పుస్తకం ఇక్కడే ఉంచుకోమని, మిగతా కాగితాలు కూడా ఈవిడే నింపాలని అంది. అత్తయ్య ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ తలో పేజీ రాసుకునేలా ఒప్పందం కుదిరింది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! "నువ్వూ ట్రై చెయ్యి" అని నా చేతిలో పెన్సిలూ, ఒక విడి కాగితమూ పెట్టారు. కళ్ళు మూసుకున్నాను. బుర్ర ఖాళీ చేసుకున్నాను. నిజంగా, ఒట్టు, చేయి కదిలింది! ఒళ్ళు జలదరించింది. కళ్ళు తెరిచి చూస్తే, రోజూ ఆఫీస్ ఈమెయిళ్ళలో రాసే ఇంగ్లీషు ముక్కే: "హాయ్ టీమ్, జస్ట్ ఫాలోయింగ్ అప్."

డొరతీ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా భుజం మీద చేయి వేసి, "పాపం, ఈ ఆత్మ బాగా అలిసిపోయింది" అంది.